లెక్కలు వద్దన్న సభ

15 మార్చి 1996, శుక్రవారం
అల్ హిలాల్, దోహా

ఒళ్ళు మండిపోతోంది. నిద్ర పట్టేలా లేదు.

మన తెలుగువాళ్ళ మీటింగులో ఒక జర్మన్ లెక్కల మాస్టారి గురించి మాట్లాడమని అడిగింది ప్రెసిడెంటు మూర్తిగారే. నూటయాభై ఏళ్ళ కిందట ఆయన కొత్త జ్యామితి కనిపెట్టి పుస్తకం వేస్తే పట్టించుకున్న నాథుడు లేడు. యూనివర్సిటీలో ఉద్యోగం ఇవ్వలేదు. బతుకంతా స్కూలు పిల్లలకి పాఠాలు చెప్పుకున్నాడు. విసిగిపోయి సంస్కృతం పట్టుకుని ఋగ్వేదానికి నిఘంటువు రాస్తే, అప్పుడు మెచ్చుకున్నారు!

నేనూ స్కూల్లో లెక్కలు చెప్పేదాన్నే కదా, మనసుపడి ఆయన జ్యామితిని పెద్ద చార్టు మీద బొమ్మలుగా గీసుకెళ్ళాను. నోరు తెరిచానో లేదో మూర్తిగారు మైకు దగ్గరికొచ్చేశారు.

"ఆ లెక్కలు ఎవరిక్కావాలి మేడమ్? తెల్లవాడు మన వేదాన్ని నెత్తిన పెట్టుకున్నాడు, అది చెప్పండి చాలు."

"ఆయన అసలు పనే లెక్కలండీ!"

"టైమ్ లేదు మేడమ్. యల్లా, కానివ్వండి."

ఈయన ఇంజనీరు! చేసేది లేక నేను వేదం మాట ఎత్తగానే హాలంతా చప్పట్లు.

అమ్ముడుపోని ఆ జ్యామితి పుస్తకాల్ని అచ్చువేసినవాళ్ళే చిత్తుకాగితాల్లో కలిపేశారు. ఆ ముక్కతో ముగిద్దామనుకున్నాను. చెప్పనిస్తేగా!

స్టేజి దిగి నా చార్టు కోసం వెతికాను. దాన్ని బల్లమీద పరిచి సమోసాలు కుప్పపోశారు. మూర్తిగారు ఒకటి తీసి నా చేతిలో పెట్టారు.

"వేడిగా ఉన్నాయి మేడమ్, తినండి."