అంగుళం తెగిన టేపు

ఒరేయ్ గుండూ,

ఇక్కడ నాన్నా నేనూ తిరుగుతూనే ఉన్నాం, తింటూనే ఉన్నాం. నువ్వూ అలాగే ఉన్నావనుకుంటున్నాను. "అందరం క్షేమం" అని రాయబోతే చెయ్యి ఆగిపోయింది. మన ఇంట్లో అందరం అంటే నలుగురం కదరా.

నీ ఉత్తరం అందింది. నాన్న మోకాలు ఎలా ఉందని అడిగావు. మెట్లు దిగేటప్పుడు నన్ను తిడతారు, ఎక్కేటప్పుడు తిట్టరు. అంటే సగం నయమైనట్టే. అక్క నోటు పుస్తకాలు ఏమయ్యాయని అడిగావు. వాళ్ల మాస్టారు షాపుకి వచ్చి పట్టుకెళ్లారు. "మీ అమ్మాయి సగంలో ఆపిన లెక్క మేం పూర్తి చేస్తామమ్మా" అన్నారు. పుస్తకాలు ఇచ్చేశాను గాని, కత్తిరించే బల్ల మీద మన సుద్దతో తను రాసిన లెక్కల గుర్తులు ఇంకా ఉన్నాయి. తుడవలేదు. గుడ్డ పరిస్తే ఆ రాత గుడ్డకి అంటుకుంటోంది. మొన్న ఒకావిడ గౌను తిరగేసి "ఇదేం మరకండీ" అంది. "ఉతికితే పోతుంది" అన్నాను. ఆ మాట నా నోటితో నేనే అన్నాను.

అక్క చదివింది నేను చెబుతానంటే నవ్వకు. గేజ్ సిమెట్రీ అంటారట. మన పాత టేపుతోనే నాకు చెప్పింది. గుర్తుందిగా, మొదటి అంగుళం తెగిపోయి ఒకటి నుంచి మొదలయ్యేది. కొలతల పుస్తకంలో అది చూపించిందే రాస్తాను, కత్తిరించేటప్పుడు ఒకటి తీసేస్తాను. ముప్ఫై ఏళ్ల అలవాటు.

"అమ్మా, టేపు ఒకటి నుంచి మొదలైనా వంద నుంచి మొదలైనా మనిషి మారదు కదా" అంది.

"టేపు మారితే మనిషెందుకు మారుతుందే, పిచ్చిదానా?"

"మా చదువంతా అదే. ఇప్పుడు చెప్పు. లోకంలో ప్రతి చోటా ఒక దర్జీ ఉన్నాడనుకో. ఎవరి టేపు ఎంత తెగిందో వాళ్లకే తెలుసు. ఒకరి కొలత ఇంకొకరికి పనికిరావాలంటే?"

"నా టేపు ఇంత తెగిందని చీటీ రాసి పంపాలి."

బల్ల మీద నుంచి దూకేసింది. "అంతేనమ్మా! అలాంటి చీటీలు మోసేదే వెలుతురు. మా మాస్టారికి నువ్వే పాఠం చెప్పొచ్చు!"

ఇప్పుడు పొద్దున్నే షట్టరు ఎత్తగానే బల్ల మీద వెలుతురు పడుతుంది. ఎవరో చీటీ పంపినట్టే ఉంటుంది. నాకు చదవడం రాదు.

ఇక నువ్వు చివర్లో అడిగింది. "ఆస్పత్రిలో చేర్చే దాకా అక్క జబ్బు సంగతి ఎవరికీ తెలియలేదా అమ్మా?" అన్నావు. తెలియదనే రాయమన్నారు నాన్న. ఆయనకి నిజంగానే తెలియదు. ఫోనులో చెప్పలేను, అందుకే రాస్తున్నాను.

పోవడానికి నాలుగు నెలల ముందు అక్క వచ్చింది చూడు, అప్పుడు నాకు కొత్త టేపు కొని తెచ్చింది. దాంతో తనకే నీలం గౌను కుడదామని కొలిచాను. నడుము ఇరవై అయిదు. పుస్తకంలో ఇరవై తొమ్మిది ఉంది.

"ఇదేంటే, నాలుగు తగ్గింది?"

"కొత్త టేపు కదమ్మా! నీకింకా తెగినదే అలవాటు."

"అదీ నిజమేలే" అన్నాను.

గుండూ, పాత టేపు తప్పు ఒక్క అంగుళమే. ఆ రోజు నాలుగూ దాని మీదే వేసేశాను. మిగతా మూడూ నా బిడ్డ ఒంట్లోంచి పోయినవి. టేపు పట్టుకున్న వేళ్లకి ఎముక తగిలింది. వేళ్లు చెప్పాయి, నేను వినలేదు. అన్ని లెక్కలు చదివినదానికి ఒకటికీ నాలుగుకీ తేడా తెలియదా? నేను భయపడతానని అలా అంది. భయం వేసే నేను నమ్మాను.

ఆ గౌను వేసుకోలేదు. షాపులోనే వేలాడుతోంది. ఫ్యాను తిరిగితే అది మెల్లగా నా వైపు తిరుగుతుంది. పోయిన వారం దాన్ని దించి, తన పాత గౌను పక్కన పరిచి కొత్త టేపుతో రెంటి నడుమూ చుట్టూ కొలిచాను. మూడు తేడా. నమ్మలేక పాత టేపుతో కొలిచాను. అంకెలు రెండూ మారాయి గాని మధ్యనున్న మూడు మారలేదు. అక్క చెప్పింది అదేనని అప్పుడు తెలిసింది. ఆ రోజే ఇలా పక్కపక్కన పరిచి ఉంటే, నాలుగు నెలలు ఉండేవిరా మన చేతిలో.

నీ ఉత్తరంలో ఒక్క ముక్క రాసి దాటేశావు. చొక్కాలు వదులయ్యాయి, లాండ్రీలో సాగిపోతున్నాయి, ఒక సైజు తగ్గించి కుట్టి పంపు అని.

నేను కుట్టిన చొక్కా సాగదు నాన్నా.

ఎవరి దగ్గరైనా టేపు అడుగు. తెగిందైనా ఫరవాలేదు. ముందు చొక్కా ఛాతీ, తర్వాత నీ ఛాతీ, ఒకే టేపుతో కొలిచి రెండంకెలూ రాయి. ఏదీ కలపకు, తీసేయకు. నేను వదిలిన వదులెంతో నాకు తెలుసు. నీ జవాబు చూసే దాకా కత్తెర పట్టను. తేడా ఎక్కువుంటే, రావద్దని నువ్వు ఎంత మొత్తుకున్నా బస్సెక్కి వచ్చేస్తాను.

ఇట్లు,
ఇంకెప్పుడూ టేపు మీద నెపం వెయ్యని
మీ అమ్మ

వేళకి తిను. బాగా తిను.