నా గెలాక్సీని తిరగేసిన షోయబ్ భాయ్‌కి

హైదరాబాదు,
19 ఆగస్టు 2025, మంగళవారం.

షోయబ్ భాయ్‌కి,

అస్సలాము అలైకుం. నేనిక్కడ క్షేమం అని రాయాలి కాబట్టి రాస్తున్నాను. అబ్బా, అమ్మీ బాగున్నారని తలుస్తాను. నీ క్షేమం సంగతి ఈ ఉత్తరం చదివాక చూసుకో.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకంటావా? ఫోన్లో నేను నోరు తెరవగానే నువ్వు నవ్వుతావు, ఎవరో గిరాకీ వచ్చారని పెట్టేస్తావు. కాగితాన్ని అట్లా మధ్యలో పెట్టేయలేవు కదా.

శనివారం మీటింగులో ఏం జరిగిందో పూర్తిగా విను. నక్షత్రాల మీద పనిచేసేవాళ్ళు చాలా ఊళ్ళ నుంచి వచ్చారు. ఎవరి పోస్టరు వాళ్ళు గోడకు తగిలించి పక్కన నిలబడాలి. పని నచ్చితే పుణెలో జరిగే పెద్ద సభలో మాట్లాడమని పిలుస్తారు. మూడేళ్ళ నా చదువంతా ఆ పోస్టరు మధ్యలో ఉన్న ఒక్క బొమ్మే. ఒక గెలాక్సీ, దాని వెనకాల పొగలా సాగిన సన్నటి తోక. ఆ తోకను ఇంతవరకు ఎవరూ గుర్తించలేదు, నేనే మొదట చూశాను. మన ఫ్లెక్సీ షాపులో ప్రింటు తీసి నువ్వు బస్సు పార్సిల్లో పంపిన గొట్టం విప్పి, పోస్టరు తగిలించి, వెనక్కి జరిగి చూశాను. బొమ్మంతా నల్లగా ఉంది. మధ్యలో గెలాక్సీ తెల్లగా మెరిసిపోతోంది. తోక లేదు.

నేను పెట్టిన బాణం గుర్తు మాత్రం ఉంది. కింద, బాణం చూపుతున్న తోకను గమనించండి అని నేను రాసిన వాక్యమూ ఉంది. మా గైడు కోటేశ్వరరావు సారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. పుణె నుంచి వచ్చిన పెద్దాయన తోక ఎక్కడమ్మా అని మర్యాదగానే అడిగారు. నేను పరుగెత్తి ల్యాప్‌టాప్ తెచ్చి అసలు బొమ్మ తెరిచేలోపు ఆయన పక్క పోస్టరు దగ్గరకు వెళ్ళిపోయారు. పుణె పిలుపు ఆ పక్క పోస్టరుకే వచ్చింది. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

ఆ సాయంత్రం ఫోన్ చేస్తే నువ్వు ఏమన్నావో గుర్తుందా? అది నెగెటివ్ లెక్క ఉండె, తిరగేసి మంచిగా చేసినాను, ఆకాశమంటే నల్లగానే కదా ఉండేది, థాంక్స్ చెప్పకుండా తిడతావేంది అన్నావు. పైగా నవ్వు.

భాయ్, మనది ఫొటో స్టూడియోగా ఉన్న రోజుల నుంచి గిరాకీ చేతికి నెగెటివ్ ఇవ్వకూడదన్నది అబ్బా పట్టుదల అని నాకూ తెలుసు. కానీ ఇది నెగెటివ్ కాదు. అసలు మామూలు ఫొటోనే కాదు. టెలిస్కోపు మాకు ఇచ్చేది అంకెలు. ఎంత వెలుగుకు ఎంత నలుపు పూయాలో సాఫ్ట్‌వేర్‌కు మేమే చెబుతాం. దాన్ని కలర్ మ్యాప్ అంటారు. మామూలుగా వెలుగు ఎక్కువున్న చోట తెలుపు పడుతుంది. నేను కావాలనే దాన్ని తిరగేశాను, వెలుగున్న చోట నలుపు పడేలా. ఎందుకంటే ఆ తోకలో వెలుగు బహు తక్కువ, నల్లటి ఫ్లెక్సీ మీద ఇంకు దాన్ని మింగేస్తుంది. తెల్లచొక్కా మీద టీ మరక ఎంత లేతగా ఉన్నా అమ్మీ కంట పడుతుంది కదా, ఇదీ అంతే. నేను తెలిసి తిరగేసినదాన్ని నువ్వు తెలియక మళ్ళీ తిరగేశావు. రంగులు ముట్టుకోవద్దని ఫైలుతో పాటు మెసేజి కూడా పెట్టానే!

గిద్దలూరు పెళ్ళికొడుకులను అడగకుండానే తెల్లగా చేస్తావు, వాళ్ళు మురిసిపోతారు. తర్లుపాడు వాళ్ళ చెవులు కుట్టే ఫ్లెక్సీలో మేకపోతు వెనకాల మంచుకొండలు పెడతావు, దానికీ ఎవరూ ఏమీ అనరు. నా బొమ్మకెందుకయ్యా నీ సోకులు?

సారు వచ్చే ఏడాది చూద్దామన్నారు. ఈలోపల ఆ తోకను ఇంకెవరైనా చూసి ముందు చెప్పేస్తే అది వాళ్ళదైపోతుంది. నాకు ఏడుపొస్తోంది, ఒళ్ళూ మండుతోంది. ఇకమీదట నా పని మన షాపుకు రాదు, నువ్వు బతిమాలినా రాదు. అబ్బాకు మాత్రం ఇదేమీ చెప్పకు, ఆయన నొచ్చుకుంటాడు.

కోపంలో ఉన్నా తప్పక నీ చెల్లెలే అయిన
ఫిర్దౌస్

తా.క. కవరు అంటించబోతుంటే అమ్మీ ఫోన్ చేసింది. నీ మీద చాడీలు మొదలుపెట్టాను. కాసేపు విని ఏడ్చేసింది. నా పోస్టరు ప్రింటు తీసిన రోజు నువ్వు ఫ్లెక్సీలు కట్టడానికి కనిగిరి పోయినావట, షాపులోనే లేవట. నా ఫైలు తెరిచింది అబ్బానట.

ఆయన రెండు కళ్ళకూ శుక్లాలని, తెల్లటి స్క్రీను చూస్తే పాలు పోసినట్టు అంతా ఒకటే తెలుపుగా కనబడుతుందని, అందుకే కొన్ని నెలలుగా ప్రతిదీ నల్లగా తిరగేసుకుని పని చేస్తున్నాడని చెప్పింది. నా బొమ్మలో ఆయనకు ఉత్త తెలుపే కనబడిందట. బిడ్డ మూడేండ్లు కష్టపడి చూసింది నేను చూడకుంటే ఎట్ల అని తిరగేసినాడట. గెలాక్సీ కనబడేసరికి లాల్బీ, లాల్బీ అని అమ్మీని కేకేసి పిలిచినాడట. ఆ సంబరంలో అట్లే ప్రింటుకు పెట్టేసినాడట.

ఫిర్దౌస్‌కు తెలిస్తే చదువు ఇడిసిపెట్టి వచ్చేస్తుందని మీ ఇద్దరి చేతా ఒట్టు వేయించుకున్నాడట. నువ్వేమో నా తిట్లన్నీ నవ్వుకుంటూ మీద వేసుకున్నావు. పైన రాసింది ఒక్క ముక్క కూడా కొట్టేయడం లేదు భాయ్. పోస్టరుకు కాదు, నా దగ్గర దాచినందుకు. ఆ తిట్లన్నీ నీకే ఉంచుకో.

అమ్మీ ఇంకొకటి చెప్పింది. అబ్బా అదే బొమ్మ ఇంకో ప్రింటు తీసి షాపు గోడకు కట్టినాడట. వచ్చినవాళ్ళందరినీ దగ్గరకు పిలిచి, దాని మీద వేలు పెట్టి, ఇదిగో తోక, మా పాప కనిపెట్టింది, నాకు బాగా కనబడతా ఉంది అని చూపిస్తున్నాడట.

ఆ ప్రింటులో అక్కడ ఏమీ లేదు భాయ్. నా ఈ మంచి కళ్ళకే కనబడలేదు.

శుక్రవారం వస్తున్నాను, కళ్ళాసుపత్రికి తీసుకుపోదాం. ఆపరేషన్ అయ్యాక తెల్లటి బొమ్మ నేనే పక్కన కూర్చుని చూపిస్తాను. అంతవరకు ఆ నల్లదాన్ని గోడ మీద నుంచి దించకు.