మగ్గం గుంతలో చెమ్మ

జూలై 8, మంగళవారం

రాజోలి. అనూషకు ఇది మొదటి మీటింగు. వనపర్తి పిల్ల. హైదరాబాదులో పెద్ద చదువు చదివి వచ్చింది, మా స్వచ్ఛంద సంస్థలో చేరి నెల కూడా కాలేదు. పాత ఊళ్లో, ఏటి ఒడ్డున ఉన్న మగ్గాల వీధిలో అందరినీ కూర్చోబెట్టింది. నేనైతే ఫారం తీసి అడుగుతాను — పోయిన వరదకు ఏమేం పోయింది, ఇల్లు ఎంత కూలింది. పద్నాలుగేళ్లుగా అదే అడుగుతున్నాను. ఈ పిల్ల ఉత్త చేతులతో వాళ్లతో పాటు నేల మీద కూర్చుని, "మళ్ల యేరు వస్తే మీ దగ్గర ఏమేమున్నయి? మీకు ఏమేం తెలుసు?" అంది.

ముందు నవ్వులు. ఆ తర్వాత ఆగితేగా... ఒకరికి ఈత వచ్చు. ఒకరికి ట్రాక్టరుంది. ఒకామె గొంతు మూడు వీధులకు వినపడుతుందట. చార్టు నిండిపోయింది.

నన్ను చూస్తే "ఏమిస్తరు మేడం?" అంటారు. ఆమెకేమో మేము ఇది ఇస్తం, అది ఇస్తం అని ఎగబడుతున్నారు. కడుపు మండిపోయింది. ఆ మాట ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ రాసుకుంటాను.

జూలై 11, శుక్రవారం

గద్వాల ఆఫీసు. అందరి ముందూ సారు — "పద్మగారూ, అనూష పద్ధతి జర చూసి నేర్చుకోండి." తల ఊపాను. కొత్త నీరొచ్చి పాత నీటిని కొట్టుకుపోయిందంటారే, ఇదే కాబోలు.

జూలై 15, మంగళవారం

ఈ రోజు సుంకమ్మవ్వ నోరు విప్పింది. ఏటికి అందరికన్నా దగ్గరగా ఉన్న ఇల్లు ఆమెదే. ఒంటరిది, మోకాళ్లు పట్టేశాయి. అయినా గుంత మగ్గంలో కాళ్లు పెట్టుకుని రోజంతా నేస్తూనే ఉంటుంది.

"యేరు లేవకముందే మగ్గం గుంత చెమ్మగిల్తదమ్మా. నేల లోపటి నుంచి వస్తది నీళ్లు. మీ ఫోన్లు మోగేదానికి ముందే నా పాదాలకు తెలుస్తది."

అందరూ చప్పట్లు. అనూష కళ్లు మెరిశాయి. ఎర్ర స్కెచ్ పెన్నుతో చార్టు మధ్యలో పెద్దగా రాసింది — సుంకమ్మవ్వ పాదాలు.

ఆ మాట ముందు నాకే చెప్పింది అవ్వ. చాలా ఏళ్ల కిందట, ఆ మగ్గం పక్కనే కూర్చుని నేను ఫారం నింపుతుంటే. ఊఁ అన్నాను. ఊఁ అని, రేషన్ కార్డు నంబరు అడిగాను. ఫారంలో పాదాలకు గడి లేదు మరి.

తిరుగు బస్సులో ఉండబట్టలేక అనేశాను, ఈ సంగతి నాకెప్పుడో తెలుసని.

"అట్లనా అక్కా? మరెందుకు రాయలే?"

దెప్పలేదు. నిజంగానే అడిగింది. దెప్పి ఉంటే బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని.

జూలై 18, శుక్రవారం

ఏర్పాటు ఖాయమైంది. మగ్గాల వీధిలో ఒక్కో వరుసకు ఒక్కరు గుంతను కనిపెట్టి ఉండాలి. చెమ్మ తగిలితే మాలో ఒకరికి ఫోను. ఫోను అందుకున్నవాళ్లు వెంటనే ఆ పెద్ద గొంతు ఆమెకూ, ట్రాక్టరతనికీ చెప్పాలి. మగ్గాల మీది పడుగు దారాలు చుట్టి పైకెత్తి, ముసలివాళ్లను బడికి చేర్చాలి. మొదటి వరుస సుంకమ్మవ్వది.

"ఎవరికి ఫోన్ చేస్తవు అవ్వా?" అని అనూష అడిగింది.

"పద్మమ్మకే చేస్త. ఇంకెవరికి చేస్త?"

లోపల చల్లగా అయింది నాకు. వెంటనే అనూష మొహం చూశాను, మాడిందేమోనని. "మంచిగైంది" అని నవ్వి నా నంబరు రాసుకుంది. ఈ పిల్లకు అసూయ కూడా రాదా? అందుకూ ఏడుపే నాకు.

జూలై 24, గురువారం

పేపర్లో ఫొటో. మొన్న వరద వచ్చినట్టు ఉత్తుత్తిగా అందరూ బడికి నడిచి చూశారు, దానిదే. మధ్యలో అనూష. ఎడమ పక్కన ఒక మోచేయి కనపడుతోంది. నాదే.

జూలై 29, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున తొమ్మిది దాటింది. గద్వాలలో ఎండ. వంట ముగించి రాజోలి బస్సుకు బయల్దేరుతున్నాను. సుంకమ్మవ్వ ఫోను.

"పద్మమ్మా, పాదాలు తడి అయితున్నయి."

"సరే అవ్వా, నేను చూసుకుంటా."

ఆ గొంతామెకు ఒక్క ఫోను. ట్రాక్టరతనికి ఒక్క ఫోను. అనూషకు ఒకటి. మూడూ చేయలేదు.

ఎందుకు? ఇక్కడైనా అబద్ధం ఆడకూడదు. నేనే ముందు వెళ్లి నా కళ్లతో చూడాలనుకున్నాను. నేనే ఆ వీధి మొదట్లో నిలబడి చెప్పాలనుకున్నాను. ఫోను చేస్తే కబురు అనూషదైపోతుంది, ఆ ఎర్ర అక్షరాలదైపోతుంది. పైగా ఎండ కాస్తోంది. గంటలో ఏం ముంచుకొస్తుంది అనుకున్నాను.

శాంతినగర్ దగ్గర బస్సు చాలాసేపు ఆగింది. రాజోలిలో దిగేసరికి అందరి ఫోన్లకూ మెసేజ్ వచ్చేసింది, పై డ్యామ్ నుంచి నీళ్లు వదిలారని. ఊరంతా పరుగులు. వాళ్లు నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చేస్తున్నారు. గొంతామె అరుస్తోంది, ట్రాక్టరు తిరుగుతోంది. కానీ మొదటి వరుసకు నీళ్లు అప్పటికే వచ్చాయి.

అవ్వ మగ్గం గట్టు మీద కూర్చుని ఉంది. మోకాళ్ల దాకా నీళ్లు. ఒళ్లో ఫోను. పొద్దున్నే ఊళ్లోకి వచ్చి ఉన్న అనూష, ఇంకో అతను చేతుల మీద ఎత్తుకొచ్చారు. సగం నేసిన పట్టుచీర, పడుగుతో సహా బురదలో.

"చెప్పిన గద, వస్తరని కూసున్న" అంది అవ్వ. నాతో కాదు, ఎత్తుకున్న అతనితో.

జూలై 30, బుధవారం

ఎవరికీ ఏమీ కాలేదు. నీళ్లు తీశాయి. అందరూ అదే అంటున్నారు, ఏమీ కాలేదని.

ఆగస్టు 1, శుక్రవారం

బడిలో మీటింగు. ఏది కుదిరింది, ఏది తప్పింది అని అనూష ఒక్కొక్కటీ అడుగుతోంది. చార్టు మీద గడులు. ఒక గడి — కబురు అందిన సమయం.

"మొదటి వరుసకు ఎందుకు ఆలస్యమైంది? అవ్వా, నీకు ఎప్పుడు తెలిసింది?"

అవ్వ నా వైపు చూసింది. ఒక్క క్షణమే.

"నేనే ఆలస్యంగ చేసిన బిడ్డా. కునుకు పట్టింది."

వెనక నుంచి ఎవరో — "అవ్వకు వయసైంది. ఇంకొకరిని పెడదం." అవునవును అన్నారు నలుగురు. మొదటి వరుస నుంచి అవ్వ పేరు తీసేయాలని ఖాయమైంది. సారు కూడా సరే అన్నారు.

నేను నీళ్లసీసా మూత తిప్పుతూ కూర్చున్నాను. తీయడం, పెట్టడం. నోరు రాలేదు... కాదు, తెరవలేదు.

ఆగస్టు 3, ఆదివారం

సెలవు. అయినా రాజోలి వెళ్లాను. అవ్వ గుమ్మంలో కూర్చుని బురద పట్టిన పట్టుదారాలు కడుగుతోంది. ఒక్కో పోగూ విడదీసి, తీగ మీద వేస్తోంది. ఎక్కువ తెగిపోయాయి.

అట్లా ఎందుకు చెప్పావని అడిగాను.

"నా పెనిమిటి పోయిననాడు పొద్దంత నా పక్కన కూసున్నవు. ఫారం గిట్ల ఏం తీయలే ఆనాడు." ఇంకో పోగు విడదీసింది. "గా పిల్ల వచ్చినప్పటి సంది నీ మొహం చూస్తున్న. నీ తిప్పలు నాకు తెల్వదా?"

తెలుసన్నమాట. ఇన్నాళ్లూ ఎవరికీ కనపడట్లేదనుకున్నాను.

లేచి వస్తుంటే వెనక నుంచి అంది — "గని పద్మమ్మా, కండ్లు పోయినయి, మోకాళ్లు పోయినయి. ఏమున్నయి అని ఆ పిల్ల అడిగితే పాదాలున్నయి అంటిని. అవి గూడ లేవన్నరు గద."

బస్సులో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఆగస్టు 5, మంగళవారం

అనూష నా బల్ల దగ్గరికి వచ్చింది. కొత్త చార్టు నన్నే రాయమంది. "మీ చేతిరాత ముసలోళ్లకు గూడ తెలుస్తది అక్కా." మొదటి వరుసకు కొత్త పేరు ఇంకా అనుకోలేదట, అది ఖాళీగా వదలమంది.

వెళ్తూ వెళ్తూ ఆగింది. "ఒక మాట అంటే ఏమనుకోరు గద? అవ్వ మీకే ఫోన్ చేస్త అన్ననాడు ఇంటికి పోయి ఏడ్చిన. నేను ఎన్ని చార్టులు రాసినా వాళ్లకు మీరే గద."

నవ్వింది కదా ఆ రోజు. నేను ఆ నవ్వును ఎట్లా చదివాను... సంతోషం వేయాలి నిజానికి. నెల రోజులుగా నేను కోరుకున్నది ఇదే.

ఆగస్టు 6, బుధవారం

పొద్దున్నే ఆఫీసుకు వచ్చాను. ఎవరూ లేరు. చార్టు పరిచాను. మిగతా వరుసల పేర్లన్నీ రాశాను. మొదటి వరుస ఖాళీ.

ఫోను తీసి చూశాను. ఇంకా ఉంది. సుంకమ్మవ్వ. జూలై 29. 9:12.

చెబితే నా ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. రాజోలి వాళ్లు మళ్లీ నాకు ఫోను చేస్తారో లేదో, అది అంతకన్నా భయం. చెప్పకపోతే అవ్వ మగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటుంది. చెమ్మ తగులుతుంది. చెప్పుకోవడానికి ఎవరూ ఉండరు.

మొదటి వరుసలో సుంకమ్మ అని రాశాను. పక్కన, పోయినసారి కబురు అందిన సమయం గడి. ఎర్ర పెన్ను తీసుకున్నాను. తొమ్మిది వేశాను. ఈ సిరా చెరగదు.

కింద గేటు చప్పుడు. అనూష వస్తోంది. నిమిషాలు ఇంకా వేయలేదు.