వరహాలమ్మ ఎంచిన చలిబట్టలు

అమ్మా, నీకు ఫోనులో సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను. మంచు చూడ్డానికి మనాలి వెళ్తున్నాం. నీ మనవరాలు కీర్తన చలికి ఆగదేమోనని బెంగపడకు.

నేను కొన్న మందపాటి నూలు స్వెట్టర్లు చూసి, ఫిషింగ్ హార్బర్లో ముప్పై ఏళ్ళుగా ఐసు మోస్తున్న మా వీధి వరహాలమ్మ నవ్వింది. "మందం కాదమ్మా, తడి సూసుకో. నూలు తడిసిందంటే ఒంటికి ఐసు కట్టుకున్నట్టే. లోన ఉన్ని, పైన నీల్లు దిగని కోటు ఏసుకోండి."

ఇన్నేళ్ళు మోసినా ఆమె చేతుల మీద ఒక్క పగులు లేదు! స్వెట్టర్లన్నీ మార్చేశాను. నువ్వు బొంత పంపకు, నాన్న ఉన్ని మఫ్లరు చాలు. మోకాలి నొప్పి తగ్గిందా? నాన్నకు నమస్కారాలు.

మనాలి నుంచి తనకేం తేవాలని వరహాలమ్మని అడిగాను. "అంత ఐసూ నేల మీద ఊరికే పడుంటాదేటమ్మా? నిజమో కాదో సూసొచ్చి సెప్పు, సాలు" అంది.

నీ ఆశాజ్యోతి