రెండు పొట్టేళ్ల సాక్ష్యం

అంచెట్టి, 1958

జడ్జీల జీతాలను పరిశీలిస్తున్న సంఘం పెద్దలకు,

జనం అభిప్రాయం రాయమన్నారట. మా బడి అయ్యవారి చేత రాయిస్తున్నాను. మేతబీడు కోసం గుర్రప్పతో మూడేళ్లు వ్యాజ్యం నడిచి, కృష్ణగిరి కోర్టులో నేను గెలిచాను. మేలు చేసినవారికి పొట్టేలు ఇవ్వడం మా గొర్రెల కాపరుల ఆనవాయితీ. ఒకదాన్ని తోలుకొని జడ్జిగారింటికి వెళ్లాను. మోచేతి దగ్గర అతుకు వేసిన కోటుతో ఆయన బయటికి వచ్చి, దానికి నీళ్లు పెట్టించి, ఇద్దరినీ వెనక్కి పంపేశారు.

అలాంటి వారి జీతం సర్కారు దయ మీద ఉండకూడదు. రేపు అడవి మేత కోసం నేను సర్కారు మీదే దావా వేస్తే? మీలాగా ఎవరికీ లోబడనివారే ఆ జీతం తేల్చాలి.

ఇక్కడిదాకా రాయించి నిన్న సంతలో చదివించాను. వేలిముద్ర వేయడానికి అందరికంటే ముందు వచ్చింది గుర్రప్పే!

"తీర్పుకు ముందే నేనూ ఒక పొట్టేల్ని తోలుకోని పోయినానప్పా. నాదీ తిప్పి పంపినాడు ఆయప్ప. అట్లాటాయన ఇచ్చిన తీర్పుకు నేనేమని వంక పెట్టేది?" అన్నాడు.

సంతంతా ఒకటే ఈలలు!

కింద నూట పదకొండు వేలిముద్రలున్నాయి, చూడండి. మొదటిది ఓడినవాడిది. రెండోది నాది.