క్యారెట్ దుంప ఊరేదాకా

చెల్లికి అక్క దీవెనలు.
మేమిద్దరం క్షేమం. నువ్వు పంపిన క్యారెట్ విత్తనాలు పెరట్లో చల్లి ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఒక్కటీ మొలవలేదు. "క్యారెట్లు తయారవగానే వస్తానక్కా" అన్నావు కదా. నిన్ను చూసి మూడేళ్లయింది. నీ గది దులిపి దుప్పటి కూడా మార్చాను.
దారి చూస్తూ, అక్క
తా.క. రోజుకు నాలుగుసార్లు నీళ్లు చల్లుతున్నాను. "నాకు జ్వరమొస్తే కూడా ఇంత సేవ లేదు" అని మీ బావ మూతి ముడిచారు.

అక్కకు నమస్కారాలు.
క్యారెట్ విత్తనానికి బద్ధకం ఎక్కువ. మూడు వారాలైనా పడుతుంది. తడి ఆరకుండా గోనెపట్టా కప్పు, మొలక కనిపించగానే తీసెయ్. వేలెడు ఎత్తు రాగానే ఒత్తుగా ఉన్నవి పీకేసి, రెండేసి వేళ్ల ఎడం ఉంచు. ఆసుపత్రిలో నర్సులం ముగ్గురమే, ఇప్పుడు సెలవివ్వరు. దుంపలు ఊరాక వస్తాను.
నీ చెల్లి
తా.క. బావ మూతి మీద కూడా కాసిని నీళ్లు చల్లు. విచ్చుకుంటుంది.

చెల్లీ, దేవుడి దయ, మొలిచాయే!
పీకమన్నావు గానీ, పచ్చటి ప్రాణాల్ని పారేయడానికి చేతులు రాలేదు. తొట్లలో, చిల్లు బకెట్లో, పాత బిందెలో నాటాను. దుంప ఊరితే నీకు వెంటనే రాయొచ్చని, రోజూ ప్రార్థన అయ్యాక ఒకటి పీకి, కడిగి, చూసి, మళ్లీ పాతేస్తున్నాను. ఇంకా సూదంతే ఉన్నాయి. సెలవు అడిగావా?
నీ కోసమే, అక్క
తా.క. ఒకదానికి రెండు కాళ్లొచ్చాయి. చెప్పులు ఏ సైజు కొనాలని మీ బావ అడుగుతున్నారు.

అమ్మా తల్లీ!
నీ ఉత్తరానికి వార్డంతా నవ్వాం. క్యారెట్ మొలిచిన చోటే పెరగాలి. కదిలిస్తే దుంప చీలిపోతుంది, పీకి చూసింది ఇక ఊరదు. అన్నీ తీసేసి, మెత్తటి మట్టిలో మళ్లీ విత్తనాలెయ్. ఇంకో మూడు నెలలు. క్యారెట్లంటే నీకింత ప్రాణమని తెలీదు! బజారులో దొరుకుతాయి కదే? నీవి తయారయ్యాకే వస్తాలే.
నవ్వలేక, నీ చెల్లి
తా.క. ఈసారి బావచేత చేతులు కట్టించుకో.

చెల్లీ,
క్యారెట్లంటే ప్రాణం ఎవరికే? నా పళ్లకు అవి నమలడమే గగనం. నువ్వొస్తానన్నావు గనుక పెంచాను. మూడు నెలలు అనగానే గుండె జారింది. మళ్లీ విత్తనాలు వేయలేదు. నిన్న పొద్దున్నే బస్సెక్కాను. ఈ కవరుకు స్టాంపు ఎందుకు లేదా అనుకుంటున్నావు కదూ? నీ తలుపు కిందనుంచి నేనే తోశాను. నువ్వు డ్యూటీలో ఉన్నావని కింది వాటా ఆవిడ చెప్పింది. వాళ్ల ముందుగదిలోనే కూర్చున్నాను. చదవగానే కిందికి రా.
అక్క
తా.క. మెట్లు నిటారుగా ఉన్నాయి, పరుగెత్తకు. మూడేళ్లు ఆగినదాన్ని, మూడు నిమిషాలు ఆగలేనా?
ఆగలేను. పరుగెత్తుకునే రా.