తుని దాకా విప్పని తాడు

తుని,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కకు సుజాత రాస్తున్నది. ఇక్కడ నేను, మీ మరిది, పాప ముగ్గురం క్షేమం. నువ్వు, బావ, పిల్లలు బాగున్నారని అనుకుంటాను. మీ అత్తమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గిందా? దవాఖానలో ఇచ్చిన పట్టీ వేసుకుంటోందా, లేక మళ్ళీ మంచం కింద పడేసిందా?

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుతావేమో. ఫోన్ చేస్తే నువ్వు "వినపడ్తలేదే, టవర్ లేదు" అంటావు. మూడుసార్లు అన్నావు. మిర్యాలగూడ నడిబజార్లో టవర్ ఎక్కడికి పోయిందక్కా? అందుకే కాగితం పట్టుకున్నాను. ఇది మధ్యలో కట్ కాదు.

ముందు మంచి మాటలు రాస్తాను. ఇల్లు చిన్నదే కానీ గాలి బాగా వస్తుంది. మీ మరిదికి మన చిన్న పికప్‌తోనే తోటల నుంచి మార్కెట్‌కు సరుకు తోలే పని కుదిరింది. ఉక్క మాత్రం అడక్కు, తలస్నానం చేసి బయటికి వచ్చేలోపు మళ్ళీ చెమట. జొన్నపిండి దొరకదు. పులుసులో బెల్లం వేస్తారు, పాపకు అదే నచ్చింది, నా ఖర్మ. పక్కింటి సత్యవతి గారు రోజూ ఏదో ఒకటి గిన్నెలో పెట్టి పంపుతుంది. "మీరు మాట్లాడుతుంటే భలేగా ఉంటదండి, ఇంకోసారి 'గట్లనా' అనండి" అని నన్ను ఆట పట్టిస్తుంది. పాప అప్పుడే నాతో కూడా "అండి" అంటోంది. నేను బాగానే ఉన్నాను. నిజంగానే బాగున్నాను, నా గురించి రంది పెట్టుకోకు.

ఇక అసలు సంగతి.

అమ్మ మంచం మీద ఉన్నప్పుడు మన ముగ్గురినీ పక్కన కూర్చోబెట్టుకుని ఏమన్నదో నీకు గుర్తుందా? "పొలం పెద్దోనికి, బంగారం లక్ష్మికి. గిర్ని సుజాతది. అది నాతోని పిండిల పడి పెరిగింది." తుంగతుర్తిలో ఎవరిని అడిగినా చెబుతారు, పదేళ్ళు ఆ పిండిమర నడిపింది నేనే. తునికి వస్తున్నది మీ మరిది పని కోసమైనా, నా ధైర్యమంతా ఆ గిర్ని మీదే. అది పక్కన ఉంటే ఏ ఊళ్ళోనైనా నా చేతులకు పని ఉంటుందని.

సామానుకు పికప్ చాలదని మీ మరిది సూర్యాపేటలో టెంట్ హౌస్ వాళ్ళ ట్రాలీ కిరాయికి తెచ్చాడు. పెళ్ళిళ్ళకు జనరేటర్ లాక్కుపోయే రెండు చక్రాల ట్రాలీ. పికప్ వెనకాల కొక్కేనికి తగిలించేది. ఇచ్చేటప్పుడు వాళ్ళు ఒకటే మాట చెప్పారట. "బరువు ముంగటికి పెట్టుకోండ్రి. ఎన్కకు పడ్డదనుకో, ఊపుతది." అందుకే గిర్ని రాళ్ళు, మోటారు ముందు పెట్టాలని, బీరువా, బియ్యం వెనక పెట్టాలని మీ మరిది అన్నకు చెప్పాడు.

అన్న ఏమన్నాడు? "మీరు పోయి నాలుగు మెతుకులు తిని రాండ్రి. బరువు సామాను మేం జూస్కుంటం." మేం తిని వచ్చేసరికి గోనెపట్టాల్లో చుట్టి, పైన టార్పాలిన్ కప్పి, తాడు బిగించేశాడు. నడుము పట్టుకుని, తువ్వాలతో మొహం తుడుచుకుంటూ "అబ్బా, రాళ్ళు నడుములు ఇరగ్గొట్టినయ్ పో!" అన్నాడు. నేను పాపం అనుకున్నాను. లోపలికి పోయి మజ్జిగ కలిపి తెచ్చి ఇచ్చాను. గటగటా తాగాడు.

అప్పుడు నువ్వు కుంకుమ పళ్ళెం పట్టుకుని వచ్చావు. తాడు ముడికి పసుపు రాశావు, బొట్టు పెట్టావు. "ఇగ సూడే సుజీ, ఈ ముడి అమ్మ చెయ్యి అనుకో. కొత్తింటి గడప కాడికి పోయినంక నువ్వే ఇప్పాలె. నడుమల ఇప్పితే అచ్చిరాదు" అన్నావు. నేను తలూపాను. నువ్వు చెప్పాక ఇంకేముంది?

సూర్యాపేట దాటేదాకా ఏం కాలేదు. పెద్ద రోడ్డెక్కి కొంచెం వేగం పెరిగేసరికి ట్రాలీ అటూ ఇటూ కొట్టుకోవడం మొదలుపెట్టింది. లారీ పక్క నుంచి పోయిందంటే చాలు, పికప్ వెనక చక్రాలు కూడా జారుతున్నాయి. ఒకసారైతే ట్రాలీ పక్క వరసలోకి పోయి వచ్చింది. వెనక బస్సువాడు హారన్ కొట్టి అమ్మనా బూతులు తిట్టాడు. పాప నా చీర గట్టిగా పట్టుకుంది.

కోదాడ దగ్గర పంక్చర్ షాపు ముందు ఆపాం. అక్కడ ఒక ముసలాయన కొక్కెం దగ్గర కూర్చుని ట్రాలీ ముందు కొసను చేత్తో లేపి చూశాడు. లేచింది. "ముందు బరువే లేదమ్మా. బరువంతా ఎనకున్నట్టుంది. తాడు విప్పి సర్దుకోండి, లేకపోతే తిప్పి పడేస్తది" అన్నాడు.

"ముంగట గిర్ని రాళ్ళున్నయ్ తాతా, తేలికెట్లయితది?" అన్నాను.

"ఏమోనమ్మా, కొక్కెమైతే అబద్ధం చెప్పదు గదా."

మీ మరిది తాడు మీద చెయ్యి వేశాడు. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. "అక్క పసుపు పెట్టింది, ఇప్పకు" అన్నాను. "నీ అక్క పసుపు కోసం రోడ్డు మీద పానాలు ఇడుస్తమా?" అని అరిచాడు. నేను వినలేదు. పాప మీద ఒట్టు వేయించాను. ఆ ముసలాయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

దారంతా సైకిల్ మీద పోయినట్టు వచ్చాం. గోదావరి బ్రిడ్జి మీద పక్క గాలి తగిలినప్పుడు ట్రాలీ మమ్మల్ని రెయిలింగ్ వైపు గుంజింది. పాపను ఒళ్ళోకి లాక్కుని కళ్ళు మూసుకున్నాను. ఏ దేవుడూ గుర్తుకు రాలేదు. నువ్వు పెట్టిన ఆ ముడికే మొక్కానక్కా.

మర్నాడు తెల్లారేసరికి ఇల్లు చేరాం. నువ్వు చెప్పినట్టే గడప ముందు నా చేత్తో ముడి విప్పాను. ముందున్న గోనెపట్టా లాగితే లోపల సంచి. సంచి మూతి విప్పితే ఊక. నా కాళ్ళ మీద జలజలా రాలింది. రెండోది విప్పాను, ఊక. మూడోదీ ఊకే. రాయి లేదు, మోటారు లేదు, ఏమీ లేదు. పాప చప్పట్లు కొట్టి ఊకలో దూకింది. మీ మరిది పోయి మెట్టు మీద కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది.

సంచుల మీద బావ పనిచేసే రైస్ మిల్లు ముద్ర ఉంది. అది చూసి కూడా "అన్న ఏదో మాయ చేసి బావతో తెప్పించి ఉంటాడు, అక్కకు తెలియదు" అన్నాను. చూడు నా తెలివి!

మొన్న మీ మరిది ట్రాలీ అప్పజెప్పడానికి సూర్యాపేట వచ్చి, అట్నుంచి తుంగతుర్తి పోయాడు. గిర్ని అమ్మ షెడ్డులోనే నడుస్తోందట, వదిన పిండి పడుతోందట. గట్టిగా అడిగితే అన్న ఏమన్నాడో తెలుసా? "నన్నంటవేంది బావా? లక్ష్మినే చెప్పింది. గిర్ని ఈడ్నే ఉంటే పుట్టిల్లు పుట్టిల్లు లెక్కుంటది, ఊక నేను పంపిస్త అన్నది. సుజాత నడుమల ఇప్పితే ఎట్లనే అంటే, ముడికి పసుపు పెడ్త, అది నా మాట జవదాటది అన్నది."

అప్పుడు వెలిగింది నాకు. మధ్యలో విప్పకూడదన్నది సారె మూటకు కదా అక్కా! నా పెళ్ళప్పుడు అమ్మ చెప్పింది, అత్తగారింటి గడప దాటాకే సారె విప్పాలని. బీరువాలూ బియ్యం మూటలూ పోయే ట్రాలీకి ఆ నియమం ఎవరు పెట్టారు? నువ్వే పెట్టావు. నా కోసమే పెట్టావు.

అన్న సంగతి వదిలెయ్, వాడు అంతే. నా కడుపు మండుతున్నది నీ మీద. నీకు అన్న ఇల్లు కావాలి, వదిన మొహం చాటేయకుండా రాకపోకలు ఉండాలి, అర్థమైంది. అయితే నన్ను కూర్చోబెట్టి "గిర్ని ఈడ్నే ఉండనియ్యే" అని అడగకపోయావా? కొట్లాడేదాన్ని, పది రోజులు ఏడ్చేదాన్ని, ఇచ్చేదాన్ని. నువ్వు అడిగితే నేను ఏది ఇవ్వలేదు? అడగడానికి బదులు నా బిడ్డను ఊక సంచుల వెనకాల గోదావరి దాటించావు. ట్రాలీ తిరగబడితే ఏమయ్యేదో ఒక్కసారైనా అనుకున్నావా?

నేను ఇప్పుడు ఇక్కడ ఒకామె కారం మిల్లులో కూలికి పోతున్నాను. తుమ్ములు, కళ్ళు మంటలు. అలవాటైన పనే, బాగానే ఉన్నాను.

ఒక పని మాత్రం చేయించు. గిర్ని రాళ్ళ మీద గంట్లు అరిగి నున్నగైపోయాయి, ఇక్కడికి వచ్చాక కొట్టిద్దామనుకున్నాను. కొట్టించకుండా వదిన అట్లాగే నడిపితే పిండిలో ఇసుక పడుతుంది. తినేవాళ్ళు వదినను అనరు, అమ్మ గిర్ని పాడైందంటారు. మిరపకాయలు పట్టిన రోజు బియ్యప్పిండి పట్టొద్దని కూడా చెప్పు.

బావకు, మీ అత్తమ్మకు నా నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. పాపను ఆశీర్వదించు, దానికి నువ్వంటే ప్రాణం. నాకు ఏ దీవెనా వద్దు.

జవాబు రాస్తే గిర్ని గురించి రాయకు, అన్న గురించి రాయకు. ఆ పొద్దు బండి కదలబోతుంటే పరుగెత్తుకొచ్చి, కిటికీలోంచి నా మెడ పట్టుకుని ఏడ్చావు. నీ కన్నీళ్ళతో నా భుజం తడిసింది. ఆ ఏడుపు నిజమేనా? అదొక్కటి రాయి.

సుజాత